ఈథరు ఎక్కడికి పోయింది?

చాలా ఏళ్ళ క్రిందటి మాట. వరంగల్లులో నేను పాఠాలు చెప్పే రోజుల్లో ఒకనాడు తరగతిలో ఈథరు సీసా తెరిచి, ఒక్క చుక్క గాజుపలక మీద వేశాను. చూస్తూ ఉండగానే చుక్క ఆరిపోయింది. గదిలో ఘాటైన వాసన వ్యాపించింది. కాసేపటికి అదీ పోయింది.

"ఎక్కడికి పోయింది సార్?" అని అడిగిందొక అమ్మాయి.

"గాలిలో కలిసిపోయిందమ్మా," అన్నాను.

"కలిసి ఏమైంది సార్?"

ఆనాడు నేను సరియైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను, వినండి.

1846లో బోస్టన్ నగరంలో శస్త్రచికిత్సకు మత్తుమందుగా పేరు తెచ్చుకున్నది ఈ ఈథరే. ఇది దాదాపు 35 డిగ్రీల వద్దనే మరుగుతుంది. మన ఊళ్ళో ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది గదా! ఇక సీసాలో ఎలా నిలుస్తుంది? నిప్పు సోకితే భగ్గున మండుతుంది కూడా. కనుక మీరెవరూ దీనితో ఆటలాడరాదు సుమా!

గాలిలో కలిసిన ఈథరును పట్టుకునేవాడు ఒకడున్నాడు. వాడి పేరు హైడ్రాక్సిల్ రాడికల్. ఒక ఆమ్లజని పరమాణువు, ఒక ఉదజని పరమాణువు కలిస్తే వాడు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఓజోనును విరగగొట్టినప్పుడు, ఊడిపడిన ఆమ్లజని నీటి ఆవిరిని తాకితే ఇద్దరు హైడ్రాక్సిళ్ళు పుడతారు. వాడిలో జతలేని ఎలక్ట్రాను ఒకటి ఉంటుంది. అందుచేత ఊరుకోడు, ఎదురైన అణువునుంచి ఒక ఉదజనిని లాక్కుని తాను నీరైపోతాడు. వాడి ఆయుష్షు ఒక్క సెకను లోపే! గాలిలో సుమారు 25 లక్షల కోట్ల అణువులకు వాడొక్కడు. అయినా గాలిని కడిగే పని ముఖ్యంగా వాడిదేనని 1971లో హీరం లెవీ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు చూపించాడు.

మరి కంటికి కనిపించని వాడి పని ఎంత వేగమో కొలిచేదెట్లా? ఒక చిన్న ఉపాయం ఉంది.

నేలమీద 80 చక్కెర పలుకులు, 80 బియ్యపు నూకలు కలిపి చల్లామనుకోండి. చీమలు వచ్చి, ఎదురైనవాటిని మోసుకుపోతున్నాయి. కాసేపటికి చూస్తే నూకలు 40 మిగిలాయి, చక్కెర 20 మిగిలింది. నూకలు ఒకసారి సగమైన కాలంలో చక్కెర రెండుసార్లు సగమైంది. అంటే చక్కెర పోయే వేగం రెండురెట్లు. 60ని 40తో భాగించి ఒకటిన్నర రెట్లు అనకండి. పలుకులు తగ్గిన కొద్దీ చీమలకు దొరకడం కూడా తగ్గుతుంది గదా! ఇందులో చమత్కారమేమంటే, చీమలెన్నో మనం లెక్కపెట్టనక్కరలేదు.

శాస్త్రజ్ఞులు చేసేదీ ఇదే. పెద్ద గాజుపాత్రలో ఈథరు ఆవిరిని, వేగం ముందే తెలిసిన మరొక వాయువును కలుపుతారు. హైడ్రోజన్ పెరాక్సైడు ఆవిరిమీద అతినీలలోహిత కాంతి ప్రసరింపజేసి హైడ్రాక్సిళ్ళను పుట్టిస్తారు. తరువాత రెండు వాయువులూ ఎంతెంత మిగిలాయో కొలుస్తారు. ముందుగా చీకటిలో ఉంచి, ఈథరు గోడకంటి పోవడం లేదని, హైడ్రాక్సిళ్ళు లేకుండా ఒట్టి వెలుతురుకే విరగడం లేదని రూఢి చేసుకుంటారు. ఈ జాగ్రత్త లేకపోతే లెక్క తప్పుతుంది.

ఇలాంటి కొలతలవల్ల, మన సీసాలోని ఈథరు గాలిలో నిలిచేది సుమారు ఒక్క రోజేనని తెలిసింది. దానిలోని ఆమ్లజని తన పక్కనున్న ఉదజనుల పట్టును సడలిస్తుంది. హైడ్రాక్సిల్ వాటిని సులువుగా లాక్కుంటాడు. వంటగ్యాసులా మండే డైమిథైల్ ఈథరు నాలుగైదు రోజులు నిలుస్తుంది.

ఈ లెక్కతో మనకేం పని అంటారా? ఒకప్పుడు శీతల యంత్రాలలో క్లోరోఫ్లోరోకార్బన్లు వాడారు. వాటిలో ఉదజని లేదు. హైడ్రాక్సిల్‌కు పట్టు దొరకక, అవి ఏళ్ళ తరబడి నిలిచి పైకి ఎగబ్రాకి ఓజోను పొరను తినసాగాయి. ఈ ప్రమాదాన్ని 1974లో మొలీనా, రోలండ్ బయటపెట్టారు. 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒడంబడిక చేసుకున్నాయి. ఆ పదార్థాలకు బదులుగా ఫ్లోరిన్ చేర్చిన ఈథర్లను పరిశీలించారు. వాటిలో కొన్ని 5 ఏళ్ళలోపే పోతాయి. కొన్ని నూరేళ్ళు దాటినా పోక భూమిని వేడెక్కిస్తాయి! పేరు చూసి మంచిచెడ్డలు చెప్పలేం; కొలిచి చూడవలసిందే. అదీ కర్మాగారం కట్టిన తరువాత కాదు, ముందే.

ఇక ఆ అమ్మాయికి జవాబు: నీ ఈథరు మాయం కాలేదమ్మా, మారిపోయింది. కొంత నీరైంది, మిగిలినది వేరే పదార్థాలైంది. గాలిలో పడేసినదేదీ ఊరికే పోదు.

ఇప్పుడు మీకొక లెక్క. తెలిసిన వాయువు సగమైనప్పటికి, ఒక ఈథరు ఎనిమిదో వంతే మిగిలింది. దాని వేగం ఎన్ని రెట్లు? చీమలను తలచుకుని చెప్పండి.

(జవాబు: మూడు రెట్లు.)