కార్ సర్వీస్: మనమే చేసుకోవాలా, గ్యారేజ్‌కి ఇవ్వాలా?

పోయిన నెల మా కారు సర్వీస్ బిల్లులో ఏసీ ఫిల్టర్ మార్చామని 850 రూపాయలు వేశారు. ఇంటికొచ్చి గ్లవ్ బాక్స్ తీసి చూస్తే పాత ఫిల్టరే ఉంది, దుమ్ముతో నల్లగా! అదే ఫిల్టర్ నాకు ఆన్‌లైన్‌లో 350కే వచ్చింది. అప్పట్నుంచి చిన్న పనులు నేనే చేసుకుంటున్నా.

మనం చేసుకోగలిగేవి

ఏసీ ఫిల్టర్, ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్, వైపర్ బ్లేడ్లు, టైర్లలో గాలి. గాలి ఎంత ఉండాలో చాలా కార్లలో డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడే చెక్ చేయండి. ఏసీ ఫిల్టర్ మీద బాణం గుర్తు చూసి పెట్టండి, మొదటిసారి నేను తిరగేసి పెట్టాను.

చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే?

ఓబీడీ2 బ్లూటూత్ స్కానర్‌ని స్టీరింగ్ కింద ఉండే పోర్ట్‌లో పెడితే ఎర్రర్ కోడ్ ఫోన్‌లో కనిపిస్తుంది. కానీ పీ0300 అని వస్తే మిస్‌ఫైర్ అని తెలుస్తుందంతే. తప్పు ప్లగ్‌దా, కాయిల్‌దా అన్నది వెతుక్కోవాల్సిందే.

గ్యారేజ్‌కే వదిలేయాల్సినవి

బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు. ఇక్కడ 500 మిగుల్చుకోవడానికి ప్రాణం పణంగా పెట్టొద్దు. ఉత్త జాకీ మీద లేపిన కారు కిందకి అస్సలు దూరొద్దు. వారంటీ ఉన్నన్నాళ్లు పీరియాడిక్ సర్వీస్ కంపెనీ సెంటర్‌లోనే చేయిస్తే క్లెయిమ్ దగ్గర గొడవ ఉండదు.

ఒక్క మాట: కారు ఇచ్చేటప్పుడే, మార్చిన పాత పార్టులు తిరిగి కావాలని చెప్పండి. నేను ఆ రోజు అడిగుంటే 850 మిగిలేవి.