దాటవేసిన ప్రశ్నలు

నాయకులు కఠినమైన ప్రశ్నను దాటవేయుట వింత గాదు. దాటవేసినవా రెవ్వరో చూచి మన పత్రికలు దానికి పేరు పెట్టుటయే వింత. మనవాడు మౌనము వహించిన గాంభీర్యమట. ఎదిరివాడు వహించిన భయమట!

2024 సెప్టెంబరు 27వ తేదీన మాజీ ముఖ్యమంత్రి శ్రీ జగన్మోహనరెడ్డిగారు తిరుమల యాత్ర మానుకొనిరి. తమ పక్షమువారికి పోలీసులు నోటీసులిచ్చి యడ్డుపడిరని తాడేపల్లిలో విలేకరులతో చెప్పిరి. ఆయనకు నోటీసు నెవ్వరు నీయలేదని ముఖ్యమంత్రి శ్రీ చంద్రబాబునాయుడుగారు బదులు పలికిరి. అసలు ప్రశ్న యొకటే: అన్యమతస్థులొసగవలసిన డిక్లరేషనుపై సంతకము చేయుదురా, చేయరా? తమ మతము మానవత్వమనియు, కావలసిన నదే వ్రాసికొనుడనియు శ్రీ జగన్‌గా రనిరి. సంతకము మాట తేలలేదు. ఒక పక్షపు వ్రాతలలో నది సర్కారు దౌర్జన్యము. రెండవ పక్షపు వ్రాతలలో సంతకమునకు జంకు.

కుప్పమునుండి యెన్నికైన ముఖ్యమంత్రిగారి విషయమును నిట్టిదే. లడ్డూ నేతిలో జంతువుల క్రొవ్వు కలిసినదని ఆ నెల 18వ తేదీననే వారు ప్రకటించిరి. పరీక్షా నివేదిక జూలైలోనే వచ్చియుండెను. కేసు 25వ తేదీన నమోదైనది. దర్యాప్తు బృందము 26న నేర్పడినది. విచారణ ముగియక మునుపే పత్రికల కెక్కుట యేల యని 30వ తేదీన సుప్రీంకోర్టు న్యాయమూర్తులడిగిరి. అక్టోబరు 4న స్వతంత్ర బృందమును నియమించిరి. ఇంట పాడిగల మన రైతులకు నేతి మంచిచెడ్డలు వేరొకరు చెప్ప నక్కరలేదు. వారికి కావలసినది తేదీల లెక్క. అట్టి లెక్క నడుగుటకు న్యాయస్థానము వరకు పోవలసివచ్చెను.

దీనికి మూలము దాచిన రహస్యము గాదు. 2008లో వెలసిన ‘సాక్షి’ శ్రీ జగన్‌గారు స్థాపించినది. 1974లో శ్రీ రామోజీరావుగారు స్థాపించిన ‘ఈనాడు’నకు తెలుగుదేశముతో గల చెలిమి ఆ పక్షము పుట్టిననాటిది. అధికారమున నున్న యైదేండ్లలో విలేకరుల యెదుట కూర్చుండుట మిక్కిలి యరుదైన శ్రీ జగన్‌గారు 2024లో నోడినపిదప తరచుగా కూర్చుండసాగిరి. ఓటమికి నీపాటి గుణమైనను గలదు.

2019లో ఇంగ్లండు ఎన్నికలవేళ ప్రధాని బోరిస్ జాన్సన్ ఒక టెలివిజను చర్చకు రాకపోగా, ఆయన స్థానమున కరగు మంచుగోళము నుంచిరి. అది పరిహాసము, చూచువారికి దానివలన తెలిసినది స్వల్పము. ఆండ్రూ నీల్ అను విలేకరి చేసినపని మేలు. తనకు ముఖాముఖి యీయని ఆ ప్రధానిని తా నేమేమి యడుగదలచెనో యా ప్రశ్నలను జనుల యెదుట నొక్కొక్కటిగా చదివెను.

మన పత్రికలును నట్లే యొక చిన్న పట్టిక వేయవచ్చును: ప్రశ్న, అడిగిన తేదీ, బదులీయని వారి పేరు. విశేషణము లక్కరలేదు. మొదటినాటికి రెండు చాలును. శ్రీ జగన్‌గారికి సంతకము సంగతి. శ్రీ చంద్రబాబుగారికి జూలై నివేదికకును సెప్టెంబరు ప్రకటనకును నడుమ గడచిన దినముల సంగతి.