కనిపించని పదానికీ గుణకం ఉంది!

305లో పదుల స్థానంలో ఏముంది? సున్న. "ఏమీ లేదు కదా!" అని దాన్ని వదిలేస్తే 305 కాస్తా 35 అయిపోతుంది. వర్గ సమీకరణాల్లోనూ ఇలాంటి సున్నలుంటాయి. అయితే అవి కంటికి కనబడవు. వాటిని ఎలా గుర్తుపట్టాలో చూద్దాం.

తెలియని రాశిని 'య' అనుకోండి. వర్గ సమీకరణం సామాన్య రూపం ఇది:

అయ² + బయ + క = 0

ఇందులో అ అనేది య² గుణకం, బ అనేది య గుణకం, క స్థిరపదం. అ సున్న కాకూడదు. సున్న అయితే అది వర్గ సమీకరణమే కాదు. బ, క లకు ఆ నిబంధన లేదు.

ఇప్పుడు 2య² – 18 = 0 తీసుకోండి. ఇక్కడ బ ఎంత? రెండో సంఖ్య కాబట్టి –18 అని చాలామంది రాసేస్తారు. అలా రాస్తే మూలాలు 0, 9 అని వస్తాయి. య బదులు 9 వేసి చూడండి. 162 – 18 = 144 వస్తుంది గాని సున్న రాదు!

ఒక సంఖ్య ఎన్నోది అని కాదు, అది దేన్ని గుణిస్తున్నదీ అని చూడాలి. –18 పక్కన య లేదు. కనుక అది స్థిరపదం. లేని పదాన్ని సున్నతో పూరిస్తే,

2య² + 0య – 18 = 0

అ = 2, బ = 0, క = –18. మూలాలు 3, –3.

స్థిరపదం లేకపోతే?

ఒక బంతిని నేలమీంచి సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా విసిరామనుకుందాం. గాలి నిరోధాన్ని వదిలేసి, గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకుంటే, య సెకన్లకు దాని ఎత్తు 20య – 5య² మీటర్లు. బంతి నేలమీద ఉండేదెప్పుడు?

–5య² + 20య + 0 = 0

అ = –5, బ = 20, క = 0. రెండువైపులా య తో భాగిస్తే 4 ఒక్కటే వస్తుంది. కాని య సున్న కావచ్చు కదా! సున్నతో భాగించకూడదు. అందుకే 5య(4 – య) = 0 అని రాయాలి. అప్పుడు మూలాలు రెండు: 0, 4. మొదటిది బంతి బయలుదేరిన క్షణం, రెండోది తిరిగివచ్చిన క్షణం. భాగించి ఉంటే బంతి బయలుదేరిన సంగతే పోయేది!

పూర్వులు వేసిన సున్న

లేని పదానికి సున్న వేయడం కొత్త పద్ధతేమీ కాదు. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన 'బ్రాహ్మస్ఫుట సిద్ధాంతా'నికి 9వ శతాబ్దంలో పృథూదకస్వామి వ్యాఖ్య రాశాడు. అందులో ఒక సమీకరణం ఇలా ఉంటుంది:

యావ 0 యా 10 రూ 8
యావ 1 యా 0 రూ 1

'యా' తెలియని రాశి, 'యావ' దాని వర్గం, 'రూ' స్థిరపదం. 8 మీద ఒక చుక్క పెట్టేవారు. అది ఋణ గుర్తు. అంటే 10య – 8 = య² + 1 అన్నమాట. కింది వరుసలోంచి పై వరుస తీసివేస్తే గుణకాలు 1, –10, 9 వస్తాయి. మూలాలు 1, 9. సున్నలు వేసి ఉండబట్టే ఏ పదం కింద ఏది తీసివేయాలో తడుముకోనక్కరలేదు.

మీరు చేయండి

అ, బ, క లు కనుక్కోండి:
1. 7 – య² = 0
2. 3య² = 12య
3. (య + 2)² = 4య + 13

జవాబులు: 1. –1, 0, 7. 2. 3, –12, 0. 3. 1, 0, –9. మూడోదానిలో య పదం కనిపించింది కదూ? అన్నీ ఒకవైపుకు తెచ్చాకే గుణకాలు చూడాలి!