బీమా కోసం పుట్టి మంచం దాకా వచ్చిన యంత్రం

లండన్ సర్జన్ జాన్ హచిన్సన్ 1846లో ప్రపంచానికి చూపించిన స్పైరోమీటర్‌లో మాయేమీ లేదు. నీళ్లలో బోర్లించిన లోహపు గంట, దానికి సరితూగే బరువు, ఒక గొట్టం. గుండెలనిండా పీల్చి గొట్టంలోకి వదిలితే గంట పైకి లేస్తుంది. ఎంత లేచిందో అంత గాలి. ఆయన నావికులు, పోలీసులు, కుస్తీవీరులు, మరుగుజ్జులు అంటూ రెండు వేలమందికి పైగా మనుషుల చేత ఊదించాడు. మనిషి ఎత్తు పెరిగేకొద్దీ ఈ గాలి పెరుగుతుందని తేల్చి, దానికి వైటల్ కెపాసిటీ అని పేరు పెట్టాడు. జీవిత బీమా కంపెనీలకు ఇది పనికొస్తుందని ఆయన నమ్మకం. చావును ముందే పసిగట్టి ప్రీమియం కట్టించుకోవడానికన్నమాట! తర్వాత ఆస్ట్రేలియా వెళ్లి, 1861లో ఫిజీలో కన్నుమూశాడు.

మోటార్ న్యూరాన్ వ్యాధిలో ఈ కొలతకు వేరే అర్థం వచ్చింది. ఇక్కడ కొలిమితిత్తి బాగానే ఉంటుంది, దాన్ని లాగే చెయ్యి పడిపోతుంది. కండరాలను నడిపే నరకణాలు చచ్చిపోతూ పోతే, ఊపిరి పీల్చే ముఖ్య కండరమైన డయాఫ్రం కూడా నీరసిస్తుంది. కూర్చున్నప్పుడు ఆ సంగతి బయటపడకపోవచ్చు. వెల్లకిలా పడుకుంటే పొట్టలోని అవయవాలు పైకి నెడతాయి, వాటిని తోసే బలం డయాఫ్రానికి ఉండదు. అందుకే పడుకోబెట్టి కూడా ఊదిస్తారు. కూర్చున్నప్పటికంటే అంకె బాగా పడిపోయిందంటే డయాఫ్రం లొంగుతోందని లెక్క. దిండ్లు ఒకటికి మూడవడం, పొద్దున్నే తలనొప్పి, పగలంతా మత్తు కూడా అదే కథ చెబుతాయి. కలలు వచ్చే నిద్రలో సాయం చేసే మిగతా కండరాలు సడలి భారమంతా డయాఫ్రం మీదే పడుతుంది, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది.

చిక్కేమిటంటే, పెదవులు బలహీనపడ్డ రోగి గొట్టాన్ని బిగించి పట్టుకోలేడు. గాలి పక్కల నుంచి కారిపోయి, అంకె ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అలాంటివారికి ఒక ముక్కురంధ్రంలో పీడనం కొలిచే బిరడా పెట్టి, రెండో రంధ్రంతో గట్టిగా ఎగపీల్చమంటారు. 40 సెంటీమీటర్ల నీటి పీడనం కంటే తగ్గితే జాగ్రత్తపడాలి. నన్నడిగితే హచిన్సన్ గంట కంటే ఇదే తెలివైన ఉపాయం.

ఊపిరి ఎప్పుడు చాలకుండా పోతుందో ఏ ఒక్క అంకె అయినా తేదీ చెప్పదు. రెండు మూడు నెలలకోసారి కొలిచి, ఎంత వేగంగా దిగుతోందో చూడాలి. అప్పుడే ఊపిరికి సాయం వేళకు అందుతుంది. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో 41 మందితో జరిగి, 2006లో వెలువడిన పరీక్షలో, మింగడం, మాట్లాడడం బాగా దెబ్బతినని వారికి మాస్కుతో గాలి అందించే యంత్రం మధ్యస్థంగా 205 రోజుల ఆయుష్షు పెంచింది, బతుకూ మెరుగైంది. మింగలేని స్థితికి చేరినవారికి ఆయుష్షులో ఆ లాభం దక్కలేదు. ముందే పసిగడితే మరో లాభం ఉంది: మాస్కు అలవాటు చేసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది, అసలు అది వద్దనుకుంటే ఆ మాట రోగి తన నోటితో తానే చెప్పగలడు.