డెల్టా క్రైస్తవ సంఘాల్లో ఉపవాస ప్రార్థన

కార్తిక సోమవారాలకూ, శివరాత్రి జాగరణకూ, రంజాన్ రోజాలకూ అలవాటుపడిన కృష్ణా డెల్టాలో క్రైస్తవ సంఘాలు కూడా ఏటా దీర్ఘమైన ఉపవాస కాలాన్ని పాటిస్తాయి. 2025లో ఫిబ్రవరి 26న శివరాత్రి, మార్చి 2న రంజాన్ తొలి ఉపవాసం, మార్చి 5న క్రైస్తవుల నలభై దినాల ఆరంభం వచ్చి, ఎనిమిది రోజుల వ్యవధిలో మూడు మతాలవారి ఉపవాసాలు కలిశాయి.

యేసు అరణ్యంలో నలభై దినాలు ఉపవసించిన సందర్భాన్ని తలచుకొనే ఈ కాలాన్ని కథోలికులు తపస్కాలమనీ, ప్రొటెస్టంటులు శ్రమల దినాలనీ పిలుస్తారు. నుదుట బూడిద ధరించే విభూతి బుధవారంతో మొదలై ఈస్టరు ముందురోజు దాకా 46 రోజులు సాగే ఈ కాలంలో, పునరుత్థాన స్మరణకు చెందిన 6 ఆదివారాలను ఉపవాస దినాలుగా లెక్కించరు. శ్రీసభ, అంటే కథోలిక సంఘం, 1983 నాటి ధర్మశాస్త్రం ప్రకారం 18 ఏళ్లు నిండినవారికి 60వ ఏడు మొదలయ్యేదాకా విభూతి బుధవారం, మంచి శుక్రవారం ఉపవాసాన్ని విధిగా నిర్ణయించింది. ఆ రోజుల్లో ఒక పూట మాత్రమే పూర్తి భోజనం చేస్తారు.

1841లో మచిలీపట్నం చేరిన ఆంగ్లికన్ మిషనరీల వారసత్వం ద్వారా దక్షిణ ఇండియా సంఘానికి కూడా ఇదే పంచాంగం సంక్రమించింది. అయితే కూచిపూడి పరిసర పల్లెల నుంచి విజయవాడ దాకా అనేక సువార్త సంఘాల్లో కనిపించేది ఏడాది పొడవునా జరిగే ఉపవాస ప్రార్థన. చాలాచోట్ల శుక్రవారం జరిగే ఈ కూడికకు విశ్వాసులు ఉదయం నుంచి ఏమీ తినకుండా వచ్చి, వాక్యం విని, రోగుల కోసం, ఉద్యోగాల కోసం, పిల్లల చదువుల కోసం ప్రార్థించి, ఆ తర్వాతే భోజనం చేస్తారు.

ఉపవాసం మనుషులకు కనబడకుండా చేయాలన్న యేసు బోధకు (మత్తయి 6) ఈ సామూహిక ఆచరణ విరుద్ధం కాదా అన్న ప్రశ్నకు సమాధానం బైబిలులోనే ఉంది. బర్నబా, సౌలులను సేవకు పంపేముందు అంతియొకయ సంఘం కూడి ఉపవసించింది (అపొస్తలుల కార్యములు 13). కనుక యేసు నిషేధించింది భక్తిని ప్రదర్శించి మెప్పు పొందడాన్నే గాని కలిసి ప్రార్థించడాన్ని కాదు. అంతకన్నా సూక్ష్మమైన ప్రమాదం, కోరిక తీర్చమని దేవునిపై ఒత్తిడి తెచ్చే సాధనంగా ఉపవాసాన్ని భావించడం. విన్నపాలే ప్రధానమైన కూడికల్లో ఈ పొరపాటుకు ఎక్కువ అవకాశం ఉంటుంది.

పనివారిని పీడిస్తూ చేసే ఉపవాసాన్ని దేవుడు అంగీకరించడనీ, ఆకలిగొన్నవారితో ఆహారం పంచుకోవడమే ఆయన కోరే ఉపవాసమనీ యెషయా 58వ అధ్యాయం చెబుతుంది. డెల్టా సంఘాలు ఎక్కువగా మాల, మాదిగ వ్యవసాయ కూలి కుటుంబాల నుంచి ఏర్పడినందువల్ల, పనిలేని రోజుల్లో పస్తులుండటం తెలిసిన ఆ కుటుంబాలకు ఈ మాట పరాయిది కాదు. 1912లో బిషప్ వి.ఎస్. అజరయ్య నాయకత్వంలో ఏర్పడిన దోర్నకల్ అధ్యక్ష మండలంలో, స్త్రీలు వండబోయే బియ్యంలో నుంచి పిడికెడు తీసి సంఘానికి ఇచ్చే అలవాటు ఉండేది. పేదరికంలోనూ పంచుకోవడం సాధ్యమని అది చూపింది. మధుమేహ రోగులు, గర్భిణులు, బాలింతలు ఆహారం మానకుండానే ఇలాంటి దానం ద్వారా ఈ క్రమశిక్షణలో పాలుపొందవచ్చు. మానిన పూట ఖర్చు మిగుల్చుకోగల కుటుంబాలకు మాత్రం, ఆ మిగులు పొరుగువారి కంచానికి చేరినప్పుడే ఉపవాసం పూర్తవుతుంది.