మీట (తుపాకి)

తుపాకిలో వ్రేలితో లాగినపుడు సుత్తిని విడుదల చేసే చిన్న లోహపు భాగమును మీట అంటారు. ఆంగ్ల పదమైన ట్రిగ్గర్ కూడా తెలుగులో విరివిగా వాడబడుచున్నది. సుత్తిని ఉర్దూలో ఘోడా, అనగా గుర్రం అంటారు. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో పంట కాపలాకు లైసెన్సుపై ఉంచుకొనే నాటు తుపాకులలోను, పాత వేట తుపాకులలోను ఎక్కువగా మరమ్మతుకు వచ్చే భాగాలలో మీట ఒకటి. ఈ వ్యాసంలో మీట పనిచేయు విధానము, అది అరిగినపుడు కనిపించే లక్షణాలు, కొత్త భాగము వేసినా లోపము ఎందుకు పోదు అనే విషయాలు వివరించబడినవి.

పనిచేయు విధానము

సుత్తి వెనుక ఒక బలమైన స్ప్రింగు ఉంటుంది. సుత్తిని వెనుకకు లాగినపుడు స్ప్రింగు బిగిసి, సుత్తి అడుగున ఉన్న గాడిలో మీట ముక్కు పడుతుంది. మీట లాగితే ముక్కు గాడి నుండి జారి సుత్తి ముందుకు కొట్టుకుంటుంది. ఆ ముక్కు, ఆ గాడి ఒకదానినొకటి తాకే స్థలము చాలా స్వల్పము. తుపాకి భద్రత అంతా ఆ సన్నని అంచుపైనే ఆధారపడి ఉన్నది.

సుత్తికి సాధారణంగా రెండు గాడులుంటాయి. ఒకటి పూర్తిగా ఎక్కుపెట్టినపుడు పనిచేసేది, రెండవది సగం ఎక్కు గాడి. ఈ రెండవది లోతుగా, పెదవి వంచినట్లుగా చేయబడుతుంది. అది సక్రమంగా ఉంటే మీట లాగినా సుత్తి కదలరాదు. వేరే భద్రతా బొత్తాము లేని పాత తుపాకులకు ఇదే ఏకైక రక్షణ.

మూతి గుండా మందు కూరే తుపాకులలో ఈ యంత్రము ప్రక్క పలకలో అమర్చబడి, మీటకు సుత్తికి నడుమ సియర్ అనే మరొక ముక్క ఉంటుంది. కొన్ని లీవర్ రైఫిళ్ళలో మీట ముక్కు నేరుగా సుత్తినే పట్టుకుంటుంది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన వించెస్టర్ 1894, 1948లో వచ్చిన మార్లిన్ 336 లీవర్ రైఫిళ్ళలో మాత్రము సియర్ వేరే ముక్కగా ఉంటుంది. వీటిలో లీవరు పూర్తిగా మూసుకుంటే తప్ప మీట కదలకుండా అడ్డుకునే ఏర్పాటు కూడా ఉన్నది. అందువలన మీట లాగినా కదలనపుడు లోపము మీటలోనే ఉన్నదనుకోరాదు. లీవరు పూర్తిగా మూసుకోకపోయినా అదే లక్షణము కనిపిస్తుంది. మన దేశంలో లీవర్ రైఫిళ్ళు అరుదు. ఇక్కడ ఎక్కువగా కనిపించేవి .315 బోల్టు రైఫిళ్ళు, 12 బోరు తుపాకులు, మందు కూరే తుపాకులు. అయినా సుత్తి బయటికి కనిపించే తుపాకులన్నిటిలోను అరుగుదల తీరు ఒక్కటే.

అరుగుదల లక్షణాలు

అన్నిటికన్నా ప్రమాదకరమైనది సగం ఎక్కు గాడి పెదవి విరుగుట. తుపాకి చూచుటకు బాగానే ఉంటుంది, పేలుతుంది కూడా. కాని క్రింద పడినా, బండి అంచుకు తగిలినా సుత్తి జారి పేలవచ్చును. మిగిలినవి కొంత నయము, ఎందుకనగా అవి ముందే తెలుస్తాయి: ఎక్కుపెట్టిన సుత్తి కొద్దిగా నెట్టితే పడిపోవుట, మీట లాగునపుడు గరగరలాడుట, ఒక్కొక్కసారి తేలికగాను మరొకసారి బరువుగాను ఉండుట, మీట అటు ఇటు వదులుగా ఊగుట.

సుత్తి పడినా పేలకపోవుట మాత్రము తరచుగా మీట దోషము కాదు. మందు చెమ్మగిల్లుట, టోపీ పెట్టే ముక్కు రంధ్రము పూడిపోవుట సాధారణ కారణాలు. పేలనపుడు వెంటనే మూతిలోకి చూడరాదు. కనీసం ఒక నిమిషము మూతిని నిర్జన ప్రదేశము వైపే ఉంచవలెను.

పరిశీలనకు ముందు తుపాకి ఖాళీగా ఉన్నదని నిర్ధారించుకొనవలెను. మందు కూరే తుపాకిని చూచినంత మాత్రాన ఈ విషయము తెలియదు. కూరే కడ్డీని గొట్టంలో చివరి వరకు దించి మూతి వద్ద గుర్తు పెట్టి, బయట గొట్టము పొడవుతో పోల్చితే లోపల ఏమైనా ఉన్నదో లేదో తెలుస్తుంది.

కొత్త భాగాలు, పాత చట్రము

కొత్త మీట వేస్తే తుపాకి బాగుపడుతుందనేది సాధారణ నమ్మకము. అరిగిన ఇరుసుకు కొత్త చక్రము తొడిగిన బండి ఎంత నిలకడగా నడుస్తుందో ఇదీ అంతే. అరిగేది మీట ఒక్కటే కాదు, దానితోపాటు సుత్తి గాడి అరుగుతుంది, రెండింటినీ మోసే చీలలు సన్నబడతాయి, చట్రములోని చీల రంధ్రాలు కోలగా మారుతాయి. పాత మీట, పాత గాడి ఏళ్ళ తరబడి ఒకదానికొకటి ఒరిగి సర్దుకుని ఉంటాయి. ఒక దానిని తీసివేసి కొత్తది పెట్టగానే ఆ పొత్తు చెడుతుంది. ముక్కు గాడిలో పూర్తిగా పడదు, లేదా అంచుపైనే నిలుస్తుంది. ఇటువంటి తుపాకి మీట ఎంతో తేలికగా, హాయిగా అనిపించవచ్చును. మరమ్మతు బాగా కుదిరిందని యజమాని సంతోషించేది ఇక్కడే, అసలు ప్రమాదమూ ఇక్కడే.

విదేశాలలో లీవర్ రైఫిళ్ళకు ఇతర తయారీదారులు అమ్మే మీటలు కొత్త చట్రపు కొలతలకు చేయబడినవి. వాటితోపాటు వచ్చే తేలిక స్ప్రింగు వలన దెబ్బ చాలక తూటా పేలకపోవుట కూడా కలదు. అట్టి సందర్భములో లోపము వెదకుటకు మొదట పాత స్ప్రింగు తిరిగి వేసి చూచుట పద్ధతి.

లోహము మరొక సమస్య. మెత్తని ఇనుముతో చేసిన ముక్కు కొద్ది రోజులలోనే గుండ్రబడుతుంది. నీళ్ళలో ముంచి మరీ గట్టిపరచినది పెళుసై అంచు రాలుతుంది. లోపల మెత్తగాను పైపొర గట్టిగాను ఉండవలెను. ఉత్తర తెలంగాణకు ఇనుము పని కొత్త కాదు. 18వ శతాబ్దంలో నిర్మల్‌లో ఫిరంగులు పోతపోసేవారు. గోదావరికి దక్షిణాన, నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. 19వ శతాబ్ది ఆరంభంలో హెన్రీ వోయ్సే ఆ తయారీని చూచి వర్ణించెను. కాని కత్తికి పనికివచ్చే గట్టిదనము మీట ముక్కుకు పనికిరాదు. నాగలి కర్రు సాగదీయుటలో నేర్పరి అయిన కమ్మరికి కూడా ఇది వేరే విద్య.

తుప్పు

ఈ ప్రాంతంలో అరుగుదల కన్నా తుప్పు వలన చెడిన మీటలే ఎక్కువగా ఉండుటలో ఆశ్చర్యము లేదు. నల్లమందు కాలిన మసిలోని పొటాషియం లవణాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. పాత రకపు టోపీల మసి ఇంకా చెడ్డది. నూనె పూసినంత మాత్రాన ఈ లవణాలు పోవు. వేడినీటితో కడిగి, పూర్తిగా ఆరిన పిమ్మట నూనె వేయవలెను. జొన్న, మొక్కజొన్న చేలకు కాపలా ఉండే కాలము వానాకాలమే కావడం వలన ఈ జాగ్రత్త మరింత అవసరము.

చట్టము

1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చిన ఆయుధముల చట్టము (1959) ప్రకారము ఆయుధము అనే పదములో దాని భాగాలు కూడా చేరి ఉన్నాయి. 5వ సెక్షను ప్రకారము లైసెన్సు లేనివారు తుపాకులను వ్యాపారముగా తయారుచేయుట, అమ్ముటయే కాక మరమ్మతు చేయుట కూడా నిషిద్ధము. కనుక మీట పాడైన తుపాకిని లైసెన్సు గల డీలరు వద్దకే తీసికొని పోవలెను. 45వ సెక్షనులో చిన్న భాగాలకు ఒక మినహాయింపు ఉన్నది. అయితే అవి తక్కిన భాగాలతో కలిపి వాడే ఉద్దేశము లేనివై ఉండవలెను. తుపాకిలో వేయుటకే తెచ్చిన మీటకు ఈ మినహాయింపు వర్తించదు.

నిజమైన పంట రక్షణ కొరకు మందు కూరే తుపాకికి లైసెన్సు ఇచ్చుటను 13వ సెక్షను ప్రత్యేకముగా పేర్కొన్నది. ఆ లైసెన్సు వేటకు అనుమతి కాదు. అడవిపంది సైతం వన్యప్రాణి సంరక్షణ చట్టము (1972) పరిధిలోనిదే. 2012లో పులుల అభయారణ్యముగా ప్రకటించబడిన కవ్వాల్ చుట్టుప్రక్కల గ్రామాలవారికి ఈ భేదము తెలిసి ఉండుట ముఖ్యము.