ఫ్రాన్సిస్ వీమెట్: సంచి మోసిన బాలుడు, చదువు చెప్పించిన నిధి

ధన వ్యాపారంలో జీవించినవారిని తలచుకొన్నప్పుడు, వారు కూడబెట్టినది ఎంత అని లోకం అడుగుతుంది. ఆటగాళ్లను తలచుకొన్నప్పుడు, వారు గెలిచిన కప్పులు ఎన్ని అని లెక్కిస్తుంది. ఈ రెండు లెక్కలకూ అందని ఒక జీవితాన్ని మా విద్యార్థి సోదరీసోదరుల ముందు ఉంచదలచినాము. అమెరికాలోని బోస్టన్ నగరంలో షేర్లు, బాండ్ల వ్యాపారమే వృత్తిగా, గోల్ఫ్ ఆటయే ప్రాణంగా జీవించిన ఫ్రాన్సిస్ వీమెట్ చరిత్ర ఇది. కళాశాల చదువుకు నోచుకొనని ఈ పెద్దమనిషి పేర నేడు వేలమంది బీద విద్యార్థులు పట్టభద్రులైనారు. అది ఎట్లు సంభవించినదో తెలిసికొనుట మనకు ఉపయుక్తం.

బాల్యం

వీమెట్ 1893 మే 8న బోస్టన్ ప్రక్కనున్న బ్రూక్‌లైన్‌లో జన్మించారు. తండ్రి కెనడా నుండి వలస వచ్చిన ఫ్రెంచి కుటుంబీకుడు, తోటపని చేసి సంసారం నడిపినవాడు. తల్లి ఐరిష్ కుటుంబపు ఆడపడుచు. వారి చిన్న ఇంటికి ఎదురుగా, వీధికి ఆవలివైపున, సంపన్నుల గోల్ఫ్ మైదానం ఉండేది. దాని పదునేడవ గుంట వారి వాకిట నిలబడితే కనిపించేది.

గోల్ఫ్ ఎరుగని పాఠకుల కొరకు ఒక మాట. విశాలమైన పచ్చిక మైదానంలో వరుసగా ఉన్న పదునెనిమిది గుంటలలో చిన్న బంతిని కర్రతో కొట్టి పడవేయుటయే ఈ ఆట. ఎవరు తక్కువ దెబ్బలలో ముగిస్తే వారిదే గెలుపు. ఆటగానికి పలురకాల కర్రలు అవసరం. ఆ కర్రల సంచిని భుజాన మోసుకొని అతని వెంట నడిచే కూలివానిని కాడీ అంటారు. వీమెట్ బాల్యంలో అట్టి కాడీగా పనిచేశారు. పెద్దల ఆటను కన్నులారా చూచి, పాత కర్రలతో ఇంటి వెనుక అభ్యసించి, ఆట నేర్చుకొన్నారు.

1913 నాటి విజయం

1913లో అమెరికా ఓపెన్ పోటీ ఆ మైదానంలోనే జరిగినది. ఇంగ్లాండు నుండి హ్యారీ వార్డన్, టెడ్ రే అనే ఇద్దరు మహారథులు వచ్చారు. వార్డన్ అప్పటికే బ్రిటిష్ ఓపెన్‌ను ఐదు పర్యాయములు గెలిచినవాడు. వీమెట్ వయస్సు ఇరువది సంవత్సరములు. ఆయన సంచి మోసిన ఎడ్డీ లోవరీ వయస్సు పది. నాలుగు ఆవృత్తులు ముగియునప్పటికి ముగ్గురూ 304 దెబ్బలతో సమానంగా నిలిచారు. చివరి ఆవృత్తిలో తన వాకిటి ఎదుటనున్న ఆ పదునేడవ గుంట వద్ద వేసిన చక్కని దెబ్బయే వీమెట్‌ను సమఉజ్జీగా నిలిపినది.

మరునాడు, సెప్టెంబరు 20న, నిర్ణాయక పోటీ. అంత చిన్న పిల్లవానిని తొలగించి అనుభవజ్ఞుని పెట్టుకొమ్మని కొందరు సలహా చెప్పినను వీమెట్ అంగీకరింపలేదు. ఆ దినమున వీమెట్ 72, వార్డన్ 77, రే 78 దెబ్బలలో ఆట ముగించారు. అమెచ్యూరు ఒకడు అమెరికా ఓపెన్ గెలుచుట అదే ప్రథమం. తోటమాలి కుమారుడు గెలిచిన ఆ ఆటపై సామాన్య ప్రజలలోను ఆసక్తి పెరిగినది.

అమెచ్యూరు నియమం

ఈ అమెచ్యూరు అనే పదమును కొంత విమర్శించి చూడవలసియున్నది. డబ్బు కొరకు కాక ఆనందం కొరకు ఆడువాడు అమెచ్యూరు. వినుటకు ఇది ఉదాత్తమైన ఆదర్శమే. కాని ఆనాటి నియమాలు దానిని బీదవానికి అడ్డుగోడగా మార్చినవి. పదునారేండ్లు దాటిన పిమ్మట కూలికి సంచి మోసినవాడు ఆ హోదా కోల్పోయేవాడు. వీమెట్ ఆటవస్తువుల వ్యాపారంలో ప్రవేశించినందుకు 1916లో ఆయన హోదానే అమెరికా గోల్ఫ్ సంఘం రద్దు చేసినది. ప్రథమ ప్రపంచ యుద్ధంలో ఆయన సైన్యంలో చేరిన పిదప, 1918లో దానిని పునరుద్ధరించినది. తాతల ఆస్తి అనుభవించేవాడు పవిత్రుడు, పనిచేసి బ్రతికేవాడు అపవిత్రుడు అన్న భావం ఆ నియమంలో దాగియున్నది.

వీమెట్ ఎవరిపైనా కక్ష పూనలేదు. ఆర్థిక రంగంలో వృత్తి నడుపుకొనుచు, జీవితాంతం అమెచ్యూరుగానే ఆడినారు. 1914లోను, మరల 1931లోను అమెరికా అమెచ్యూరు విజేతయైనారు. న్యూయార్కు ఆర్థిక ప్రముఖుడు జార్జ్ హెర్బర్ట్ వాకర్ పేర 1922లో ఆరంభమైన వాకర్ కప్పు పోటీలలో మొదటి ఎనిమిదింటిలోను ఆడినారు. 1951లో స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బు ఆయనను కెప్టెనుగా ఎన్నుకొన్నది. ఆ గౌరవం పొందిన మొదటి అమెరికన్ ఆయనే.

విద్యానిధి

ఇన్ని గౌరవాలను మించినది 1949లో జరిగినది. ఆయన మిత్రులు ఆయన పేర ఒక విద్యార్థి వేతన నిధిని స్థాపించారు. మసాచుసెట్స్ రాష్ట్రపు గోల్ఫ్ మైదానాలలో కనీసం రెండేండ్లు కాడీలుగానో, దుకాణంలోనో, పచ్చిక సంరక్షణలోనో పనిచేసిన యువతీయువకులకు, ఆర్థిక అవసరాన్నిబట్టి, కళాశాల చదువుకై ఇది సాయపడుతుంది. అర్హత ఆటలో నేర్పు కాదని గమనింపవలెను. చేసిన పని, కుటుంబపు అక్కర, చదువుపై పట్టుదల, ఇవే అర్హతలు. ఒకప్పుడు సంచి మోయుట అనర్హతగా ఎంచిన ఆటలో, సంచి మోయుటయే అర్హతగా మారినది. నియమం చేసిన అవమానానికి ఇంతకంటె ధీరమైన సమాధానం లేదని మా అభిప్రాయం. వీమెట్ 1967 సెప్టెంబరు 2న మరణించారు. ఆనాడు శవపేటికను మోసినవారిలో, పిమ్మట గొప్ప వ్యాపారిగా ఎదిగిన ఎడ్డీ లోవరీ ఒకరు. నిధి మాత్రం నేటికీ సాగుతున్నది.

మన దేశంలో

భారతదేశానికి గోల్ఫ్ క్రొత్త కాదు. కలకత్తాలో 1829లోనే క్లబ్బు వెలసినది. ఇక్కడనూ సంచి మోసిన చేతులే ఆటకు కీర్తి తెచ్చినవి. ఢిల్లీ క్లబ్బులో కాడీగా జీవితం ఆరంభించిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచి, ఆ విజయం సాధించిన మొదటి భారతీయ వృత్తి క్రీడాకారుడైనారు. అవకాశం దొరికినచో ప్రతిభ ఏ వాడలోనైనా వికసించగలదని ఆయన నిరూపించారు.

అయితే అలీ షేర్ వంటివారు వేయిమందిలో ఒకరు. తక్కిన తొమ్మిదివందల తొంబదితొమ్మిది మందికి కావలసినది కప్పు కాదు, చదువు. వీమెట్ నిధి గ్రహించిన సత్యం ఇదే. పగలు దుకాణంలో, సాయంత్రం తండ్రి వృత్తిలో చేయూతనిస్తూ చదువుకొనే విద్యార్థులు మన తరగతులలోనూ ఉన్నారు. ఆ శ్రమను దాచుకొనవలసిన లోపంగా కాక, గౌరవింపదగిన అర్హతగా చూడవలెనని కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి. ఇక విద్యార్థులకు చెప్పవలసినది ఒక్కటే. మీ చదువుకు ఎవరో ఒకరు భుజమిచ్చినారు. మీరు స్థిరపడిన నాడు, మరొకరి చదువుకు మీ భుజం ఇవ్వండి.